నాయన వంతు

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు ఒక వరస ఉంది. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు ఆఖర. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వినాలి, మధ్యలో అందుకోకూడదు. అందరి వంతులూ అయ్యాక ప్రభువు నేర్పిన ప్రార్థన కలిసి చెప్పుకుని లేవాలి. ఈ వరస ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఈ తమిళ దేశంలో, పోదనూరు రైలు పట్టాల పక్కన మావాళ్ళు కాపురాలు పెట్టిన నాటి నుంచీ ఉందని మా అవ్వ చెప్పేది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురం. మొదటి వంతు నాది, తర్వాత అమ్మది, ఆఖరుది నాయనది.

చర్చిలో పాటా ప్రసంగమూ అంతా తమిళమే. నేను చదివిన బడీ తమిళమే. తెలుగు మాకు వంటింట్లోనూ ప్రార్థనలోనూ మాత్రమే పనికొచ్చే భాష. మా పేటలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన ఇల్లూ లేదు. నేనైనా ఈ అక్షరాలు దిద్దుకున్నది నలభై దాటాకే.

నేను తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీలో చెకింగ్ పని చేస్తాను. పొద్దున్నే రైలెక్కి పోతే సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరతాను. రోజంతా ట్యూబ్‌లైటు కింద బల్ల మీద బనియన్లు పరిచి, చిల్లు ఉందా, కుట్టు జారిందా, నూనె మరక పడిందా అని చూడడమే నా పని. తప్పు పడితేనే నేను పని చేసినట్టు. ఇరవై ఏళ్ళు అదే చేస్తే ఆ చూపు ఇంటికి కూడా వెంటబడి వస్తుంది. కూరలో ఉప్పు, పక్కింటివాళ్ళు వీధికుళాయి దగ్గర వరస తప్పి పెట్టిన బిందె, పాస్టరయ్య ప్రసంగం, ఏదీ నా చేతిలో పాస్ అవదు. నాకు పెళ్ళి కాకపోవడానికి నా కోపమే కారణమని పేటలో అనుకుంటారు. అందులో నిజం సగమే.

నాయన రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. పట్టాన్ని స్లీపరుకు పట్టి ఉంచే ఇనుప కీలు బిగువుగా ఉన్నాయో లేదో చూస్తూ నడిచేవాణ్ణి కీమ్యాన్ అంటారు. భుజాన సుత్తి, సంచిలో ఎర్ర జెండా, పచ్చ జెండా. తనకు అప్పజెప్పిన ఆ నాలుగైదు మైళ్ళూ రోజూ నడవాలి, వదులైన కీ కనిపిస్తే ఒక్క దెబ్బ కొట్టి బిగించాలి. ఎండయినా వానయినా అదే పట్టా, అవే కీలు. చిన్నప్పుడు ఒకసారి నేను, "నిన్ననే గదా నాయనా చూసొస్తివి, మళ్ళా ఏంటికి?" అని అడిగాను.

"నిన్న బిగువుగానే ఉండింది పాపా. ఆనక ఎన్ని బండ్లు పోయినాయో! ఈపొద్దు ఎట్లుండాదో నడిస్తే గదా తెలిసేది," అన్నాడు.

ఆయన ప్రార్థన కూడా సరిగ్గా అంతే. రోజూ అదే దారి, అవే మజిలీలు. ముందు ఆ రోజు గడిచినందుకు స్తోత్రం. తర్వాత పట్టాల మీద నడిచేవాళ్ళ కాళ్ళు. తర్వాత ఎదురుగా కిరాణా కొట్టు నడిపే శెట్టిగారి మోకాళ్ళు. శెట్టిగారు హిందువు, మా మాదిరే ఇంట్లో తెలుగు. తన మోకాళ్ళ సంగతి రోజూ పైకి చేరుతోందని ఆయనకు తెలుసు. "ఈపొద్దు చెప్పినావా?" అని కొట్లో నుంచే కేకేసి కనుక్కునేవాడు. శెట్టిగారి తర్వాత అమ్మ ఆయాసం. అన్నిటికన్నా ఆఖర నేను.

"సామీ, నా బిడ్డకు కోపం జాస్తి. తగ్గించు."

నాకు పదేళ్ళప్పుడు మొదలైన మాట అది. బడిలో ఒక పిల్ల జడ పట్టుకుని గుంజి గోడకు కొట్టిన రోజున మొదటిసారి అన్నాడు. ఆ పిల్ల నన్ను అనరాని మాట అంది, అది వేరే సంగతి. ఆ ఒక్క రోజుతో పోతుందనుకున్నాను. మర్నాడూ అన్నాడు. ఆ మర్నాడూ అన్నాడు. పదహారేళ్ళ వయసులో నేను ప్రార్థన మధ్యలో లేచి నిలబడి, "దేవుడి ముందర రోజూ నా మీద చాడీలు చెప్తావా?" అని అరిచాను. నాయన కళ్ళు తెరవలేదు. ప్రార్థన ముగించి, ఆమెన్ అని, అప్పుడు నవ్వాడు.

"చాడీ కాదు పాపా. నీకూ తెలిసిందే, ఆయనకూ తెలిసిందే. అడగడం నేను నిలిపేస్తే, అది తప్పు."

నలభై ఏళ్ళు వచ్చాక ఒకరోజు నేనే అడిగాను, ఇన్నేళ్ళు అడిగావు గదా, ఏమైనా తగ్గిందా అని. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "తగ్గలే," అన్నాడు. "అయితే పెరగనూ లేదు గదా."

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరబోతూ నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మూడో గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు. నోరు కదిలింది, మాట రాలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయేసరికి కుడి పక్క పడిపోయింది. బతికాడు. రెండు నెలల్లో కాలు వచ్చింది, గోడ పట్టుకుని నడిచాడు. చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎప్పటికైనా వస్తుందా రాదా అన్నది అక్కడ ఎవరూ తేల్చి చెప్పలేదు. ముసలితనంలో కాళ్ళు చేతులు పోయినవాళ్ళను మా పేటలో చాలామందిని చూశాను, కానీ మా నాయన గొంతు లేని ఇల్లు ఎలా ఉంటుందో నేనెప్పుడూ అనుకోలేదు. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నేను ఏడవను, అందరి మీదా విరుచుకుపడతాను.

ఆస్పత్రిలో ఫారాలు నింపింది నేనే. పేరు, వయసు, ఊరు. తల్లిభాష అనే గడిలో చెయ్యి ఆగకుండా తమిళం అని రాశాను. మేం ఎప్పుడూ అంతే రాస్తాం. బడిలో అంతే, కంపెనీలో అంతే, నాయన కూడా రైల్వేలో అంతే రాశాడు. తెలుగు అని రాస్తే, ఏ ఊరు, ఆంధ్రావా, ఎప్పుడొచ్చారు అని అడుగుతారు. ఎక్కణ్ణుంచీ రాలేదు, తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నాం అని చెప్పడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట మిగుల్చుకోవడానికి మావాళ్ళంతా తమిళం అని రాసేస్తారు.

మాట తెప్పించడానికి ఆస్పత్రిలో ఒక మేడం ఉండేది. చిన్న వయసు, మంచి ఓపిక. వారానికి రెండుసార్లు నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మల కార్డులు చూపించి తమిళంలో పేర్లు పలికించడానికి ప్రయత్నించేది. గిన్నె, పువ్వు, బస్సు. ఆమె నా ఫారం చూసి, ఇంట్లో కూడా ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషూ అదీ ఇదీ కలపకండి, ఆయనకు గందరగోళం అవుతుంది అంది. నేను ఆ మాటను చట్టం చేసి ఇంటికి తెచ్చాను. ఆ రోజు నుంచి నాయనతో తెలుగు మాట్లాడకూడదని అమ్మకు గట్టిగా చెప్పాను. అమ్మ అన్నం పెడుతూ అలవాటుగా "తిను" అంటే నేను ఉన్నచోటి నుంచే "సాప్పిడు అనమ్మా" అని దిద్దేదాన్ని. ఒక్కదానికి మాత్రం ఆమె లొంగలేదు.

"సామి కాడ గూడా అరవం మాటాడమంటావా? అది నా వల్ల కాదు. నువ్వేమన్నా అనుకో," అంది.

అలా నాయన చెవిన రోజంతటిలో తెలుగు పడేది ఆ ప్రార్థన వేళ మాత్రమే.

ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి సాయంత్రం ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నాయనను గోడకు ఆనించాం. నా వంతు అయింది. అమ్మ వంతు అయింది. ఆయనకు మాట తిరిగి ఇవ్వమని అమ్మ అడిగింది, ఏడవకుండా, శెట్టిగారి కొట్లో పప్పు అడిగినంత మామూలుగా అడిగింది. నేను ప్రభువు ప్రార్థన అందుకోబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"మీ నాయన వంతు ఉండాది," అంది.

కళ్ళు మూసుకుని కూర్చున్నాం. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయన ప్రార్థనకు ఎంతసేపు పడుతుందో నలభై ఐదేళ్ళు విన్న అమ్మకు గడియారం చూడకుండానే తెలుసు. అంతసేపూ అయ్యాక "ఆమెన్" అంది. అప్పుడు ప్రభువు ప్రార్థన చెప్పుకుని లేచాం. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నిజం చెప్పాలంటే నాకు ఆ నిశ్శబ్దం అంటే చిరాకు. పొద్దున ఐదింటికి లేచి, రోజంతా నిలబడి వచ్చి, ఆకలితో కూర్చుని ఏమీ లేనిదాన్ని వింటూ ఉండడం నాకు అర్థం లేని పనిగా తోచేది. నా దృష్టిలో ప్రార్థన కూడా బల్ల మీదికొచ్చిన బనియన్ లాంటిదే. అడిగాం, వచ్చిందా లేదా? రాకపోతే ఎక్కడో తప్పుంది, వెతకాలి. తప్పు ఎక్కడుందో చెప్పడానికి వచ్చినవాళ్ళకు కొదవలేదు. మీకు విశ్వాసం చాలలేదన్నారు ఒకరు. ఉపవాసం ఉండమన్నారు ఇంకొకరు. పాస్టరయ్య వచ్చి నాయన నుదుటికి నూనె రాసి, ఆదివారానికల్లా మాట్లాడతాడని అభయమిచ్చి కాఫీ తాగి పోయాడు. ఆదివారం వచ్చింది, పోయింది. ఆ తర్వాత పాస్టరయ్య మా వీధిలోకి రావడం తగ్గించాడు. ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది, మామూలే.

అమ్మ మాత్రం ఎవరి మాటకూ కుంగలేదు, పొంగలేదు. దేవుడు వినలేదా అని నేను అడిగితే, "వినకుండా ఎట్లుంటాడు? విని ఏం చేస్తాడో అది ఆయన పని. అడిగేది నా పని," అని బియ్యం ఏరుకునేది. నమ్మకం అంటే గట్టిగా పట్టుకుని వేలాడడం అని నేననుకునేదాన్ని. అమ్మ దాన్ని చాప పరిచినట్టు పరిచి, దాని మీద కూర్చుని తన పని తాను చేసుకునేది.

ఐదు నెలలు గడిచాయి. కార్డులు చూపిస్తే నాయన మొదట్లో ప్రయత్నించేవాడు, తర్వాత చూపు తిప్పుకునేవాడు. ఒకరోజు మేడం ఫైలు మూసి, ఇంతకన్నా ముందుకు పోకపోవచ్చు, మీరు మనసు సిద్ధం చేసుకోవాలి అని మెల్లగా చెప్పింది. అది విని అమ్మ నా చట్టం మరిచిపోయింది. నాయన వైపు వంగి, చొక్కా సర్దుతూ, "పోనీలే, నిదానంగా వొస్తాది. ఏంటికి బాధ పడతావు?" అంది.

నాయన తల గిర్రున ఆమె వైపు తిరిగింది. నోరు తెరిచి ఏదో అనబోయాడు, గొంతులో నుంచి "ఆఁ" అని శబ్దం వచ్చింది. ఐదు నెలల్లో ఆ గదిలో ఆయన అంత వెలుగుగా చూడడం అదే మొదటిసారి. మేడం మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "ఇప్ప ఎన్న భాషై పేసినీంగ?" అని అడిగింది, ఇప్పుడు ఏ భాష మాట్లాడారు అని.

తెలుగు అన్నాను. ఆమె ఫైలు తిరగేసి నేను నింపిన ఫారం తీసి నా ముందు పెట్టింది. నా చేతిరాతే. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది, ఎదురు చెప్పి గెలిచేదాన్ని. రోజంతా ఊరందరి తప్పులూ పట్టే నేను, ఐదు నెలల పాటు నా తప్పును నా తండ్రి నోటికి అడ్డం పెట్టాను. బస్సులో ఇంటికొస్తూ ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చాను. అమ్మ చూసింది, సంచిలో నుంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

ఫారంలో ఆ గడి నా చేతే దిద్దించి, ఆయన తన తల్లితో మాట్లాడిన భాషలోనే మాట్లాడమంది మేడం. రోజూ తప్పకుండా, ఆలోచించకుండా చెప్పే మాటలు ఏమైనా ఉన్నాయా, అలాంటివి ముందు తిరిగొస్తాయి, రాసుకు రమ్మంది. నాయన ప్రార్థన రాసుకుపోవాలనుకున్నాను. తమిళ అక్షరాల్లో రాస్తే అది నాయన గొంతులా వినిపించలేదు. మా పేటలో నేర్పేవాళ్ళు లేరు. తిరుప్పూరు రైల్లో పోతూ వస్తూ ఫోన్లో వీడియోలు చూసి తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఆయన నోట ఇంకెప్పుడూ రాకపోతే కనీసం కాగితం మీదైనా ఆ ప్రార్థన ఉండాలి అన్నది నా భయం. స్తోత్రం రాశాను. పట్టాల మీద కాళ్ళు, శెట్టిగారి మోకాళ్ళు, అమ్మ ఆయాసం, అన్నీ రాశాను. ఆఖరి వాక్యం మాత్రం రాయలేదు. ఆస్పత్రిలో ఆ మేడం ముందు నా కోపం సంగతి చదివి వినిపించడం నాకు నామోషీగా అనిపించింది. ఒక వరస ఖాళీ వదిలి నోటుబుక్కు మూశాను.

ఆ వాక్యాలు పెట్టుకుని మేడం దగ్గరా ఇంట్లోనూ రెండు నెలలు సాధన చేశాం. ఇంట్లో మళ్ళీ తెలుగు మోగింది. నాయన ముఖం విప్పారింది, తల ఊపేవాడు, సైగలు చేసేవాడు. మాట మాత్రం ఇంకా రాలేదు. సాయంత్రం మాత్రం అమ్మ ఆయన వంతు ఆయనకు ఉంచుతూనే ఉంది.

ఒక శుక్రవారం కంపెనీలో నేను పాస్ చేసిన సరుకు వెనక్కి వచ్చింది. సూపర్‌వైజరుతో పెద్ద గొడవ పడి ఇల్లు చేరాను. ప్రార్థనకు కూర్చున్నాను. నా వంతు రెండు ముక్కల్లో కానిచ్చాను. అమ్మ వంతు అయింది. నిశ్శబ్దం మొదలైంది. కాసేపు పళ్ళు బిగించి కూర్చున్నాను. ఇక ఆగలేక ప్రభువు ప్రార్థన మొదలుపెట్టేశాను, బిగ్గరగా.

"ఇంకా ముగియలే," అంది అమ్మ.

"ఏం ముగియలేదు? ఎన్ని నెలలు ఇట్ల ఖాళీగా కూర్చునేది?" అని అరిచాను. "మాట లేని నాయనకు వంతేమిటమ్మా?"

అమ్మ గొంతు పెంచలేదు. "ఖాళీ అని నీకెవరు చెప్పినారు? సుమ్మా ఉండు. మళ్ళా కళ్ళు మూసుకో," అంది.

మూసుకున్నాను. నిశ్శబ్దం మళ్ళీ మొదలైంది, మొదటి నుంచి. ఎంతసేపో కూర్చున్నాం. ఇక అమ్మ ఆమెన్ అనే వేళయింది అనుకున్నప్పుడు పక్క నుంచి ఒక శబ్దం వచ్చింది. బొంగురుగా, వాడక తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు.

"కో... కోపం."

నేను కళ్ళు తెరిచాను. అమ్మా తెరిచింది. నాయన తెరవలేదు. ఆయన నన్ను తిట్టడం లేదు, మాతో మాట్లాడడం లేదు. నుదురు చిట్లించి, ఎడమ చెయ్యి చాపకు అదిమి, తన వంతు తాను చెప్పుకుంటున్నాడు.

"బి... బిడ్డకు. కోపం. జాస్తి."

మేం ఆ వాక్యం సాధన చేయించలేదు. నోటుబుక్కులో అది లేదు. ఆఖరి మజిలీకి ఆయన సరిగ్గా ఆ వేళకే చేరాడంటే, అంతకు ముందున్నవన్నీ లోపల దాటుకునే వచ్చాడు, స్తోత్రమూ, పట్టాల మీది కాళ్ళూ, శెట్టిగారి మోకాళ్ళూ, అమ్మ ఆయాసమూ. ఏడెనిమిది నెలలుగా రోజూ అలాగే వస్తున్నాడు. నేను ఆకలితో చిరాకుపడిన ప్రతి సాయంత్రమూ, నేను ఖాళీ అనుకున్న ఆ చోట, నా తండ్రి నా కోసం అడుగుతూనే ఉన్నాడు.

తర్వాతి మాట దగ్గర ఆగిపోయాడు. "త..." అన్నాడు. పెదవులు కదిలాయి. "త..." అన్నాడు మళ్ళీ. చెమట పట్టింది. అమ్మకు ఆ మాట తెలుసు, కానీ ఒకరి వంతులో ఇంకొకరు అందుకోకూడదు కాబట్టి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఆ నియమం నేను తప్పాను.

"తగ్గించు సామీ," అన్నాను.

ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట నేను అడగడం అదే మొదలు. నాయన అప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూసి, స్పష్టంగా, "ఆమెన్" అన్నాడు.

నాయనకు ఇప్పుడు కొన్ని మాటలు వచ్చాయి. నీళ్ళు, బండి, రా, పాపా. అన్నీ తెలుగే, తమిళం ఒకటీ అరా. ప్రార్థన వల్ల వచ్చాయా, మేడం వల్లా, ఫారం దిద్దడం వల్లా అని నేను అమ్మను అడిగితే, అన్నీ ఒకరి దగ్గర నుంచే గదా వచ్చినాయి అని తేల్చేసింది. శెట్టిగారి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నా నోటుబుక్కులో ఖాళీ వదిలిన వరస నింపాను. కోపం తగ్గిందా అంటే, పోయిన వారం కూడా కుళాయి దగ్గర ఒకరితో గొడవపడ్డాను. ఆ సాయంత్రం ఆఖరి వంతులో నాయన "కోపం జాస్తి" అని ఆగి నా కోసం చూశాడు, మిగిలిన మాట నేను చెప్పాను. ఇప్పుడు రోజూ అలాగే, ఇద్దరం కలిసి అడుగుతున్నాం.